నాలుగు రోజుల సింగపూరు ప్రయాణము – నాలుగు నెలల సిద్ధపాటు

"అయ్యగారూ, సింగపూరు ఎంత దూరముంటది? రైలుకు పోతె ఎన్ని దినాలు?" అని మా సంఘములోని ఒక తల్లి గడచిన వర్షాకాలములో మమ్మును అడిగినది. ఆమె చదువుకొనలేదు. వికారాబాదు వైపునుండి రైలెక్కి నాంపల్లి స్టేషనులో దిగడమే ఆమె ఎరిగిన దూరప్రయాణము. ఆమె పెద్ద కుమారుడు 2016 నుండి సింగపూరులో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డింగు పని చేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఇంటికి వచ్చినది రెండేసార్లు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు అక్కడి పనివారుండే డార్మిటరీలనుండి ఎవరినీ నెలల తరబడి బయటకు రానివ్వలేదు. ఆ దినములలో ఆమె రాత్రి పూట మా ఇంటికి వచ్చి, అమ్మగారి ఫోనులో కొడుకు ముఖము చూచుకొని వెళ్ళేది.

ఇప్పుడు ఆ కుమారుడు, "ఈసారి నేను రాను, మీరే రండి. నాలుగు రోజులుండి ఊరు చూసి పోదురు" అని తల్లిదండ్రులకు చెప్పాడు. వారికి ఇంగ్లీషు రాదు. విమానము ఆకాశములో తప్ప చూడలేదు. "మీరిద్దరు తోడొస్తెనే పోతం, లేకుంటె లేదు" అని పట్టుపట్టారు. ఆ విధముగా మా ఇంటివారును మేమును ఈ ప్రయాణములో కలిశాము. మా ఖర్చు మా చిట్టీ సొమ్ముతో మేమే పెట్టుకొంటున్నాము. సంఘపు కానుకలలోనిది ఒక్క రూపాయి ఇందులో లేదు. అడగకముందే చెప్పుట మంచిదని ఈ మాట వ్రాస్తున్నాము.

మేమింకా బయలుదేరలేదు. అయితే మన సంఘాలలో పిల్లలు పరదేశములలో పని చేసికొంటున్న కుటుంబాలు చాలా ఉన్నవి. వారిలో ఎవరైనా ఇటువంటి ప్రయాణము తలపెడితే, మేము తిరిగిన తిరుగుడు వారికి తప్పుతుందని ఈ సంగతులు మీ ముందుంచుతున్నాము.

బోరు వేయించుటా? కొడుకును చూచుటా?

మొదట ఖర్చు లెక్క వేసికొన్నాము. భార్యాభర్తలిద్దరికి మా అంచనా ఇది. రానుపోను విమానపు టిక్కెట్లు 52,000 రూపాయలు. వీసా రుసుము, ఏజెంటు ఛార్జీ కలిపి 7,000. మూడు రాత్రులు చిన్న హోటలు గది 22,500. భోజనము, రైలు, బస్సు 12,000. చూడవలసిన చోట్ల ప్రవేశ రుసుము 10,000. ప్రయాణపు బీమా, చిల్లర ఖర్చులు 4,500. మొత్తము 1,08,000 రూపాయలు. పాస్‌పోర్టుకు మనిషికి 1,500 వేరు. కొడుకు ఉంటున్న డార్మిటరీలో తల్లిదండ్రులకు బస ఉండదు గనుక హోటలు తప్పదు.

ఈ లెక్క విని ఆ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "లక్షా ఎనిమిది వేలంటే ఒక బోరు పడ్తది గదా అయ్యగారూ" అన్నాడు. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. వారి చేనులో ఇదివరకు వేసిన రెండు బోర్లును ఎండిపోయినవి. కొడుకు పంపిన డబ్బుతోనే మూడవది వేయించుదామని ఏడాదిగా అనుకొంటున్నాడు.

అప్పుడు ఆ తల్లి అన్న మాట మేము మరువలేము. "బోరుల నీళ్ళు పడ్తయో లేదో ఎవ్వలకు తెల్వది. కొడుకు మాత్రం ఆడ ఉన్నడు. ఉన్నోన్ని చూసొస్తం" అన్నది.

మేము ఆయనను ఒప్పించే ప్రయత్నము చేయలేదు. ఇద్దరినీ ఒక నెల ఆలోచించుకొనుమన్నాము. అప్పు చేసి మాత్రము వెళ్ళవద్దని చెప్పాము. చూచివచ్చిన సంతోషము పది దినములుంటుంది. వడ్డీ పది నెలలు వస్తుంది. కొడుకు టిక్కెట్ల డబ్బు పంపుతానన్నాడు. మిగిలినది పత్తి అమ్మిన తరువాత చూతమని ఆయన ఒప్పుకొన్నాడు.

కాగితములలో పేరు ఒక్కటిగా ఉండవలెను

పాస్‌పోర్టు పని తేలిక అనుకొన్నాము. ఆలస్యమంతా అక్కడే జరిగినది. ఆ తల్లికి ఓటరు కార్డులో పుట్టింటివారు పెట్టిన పేరున్నది. ఆధార్ కార్డులో బాప్తిస్మపు పేరున్నది. బ్యాంకు పుస్తకములో రెండూ కలిపి, అక్షరాలు తప్పుగా ఉన్నది. మన గ్రామ సంఘాలలో ఇది ఇంటింటా ఉన్న సంగతే. పాస్‌పోర్టు సేవా కేంద్రములో కాగితములు పోల్చి చూస్తారు. పేరు, పుట్టిన తేదీ ఒకదానికొకటి సరిపోకపోతే సరిచేసికొని రమ్మని పంపివేస్తారు. మేము రెండుసార్లు తిరిగి వచ్చాము. ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకము అన్నిటిలో ఒకే పేరు, ఒకే స్పెల్లింగు చేయించేసరికి రెండు నెలలు గడచినవి.

కనుక ప్రయాణము ఉన్నా లేకున్నా, ఇంట్లో ఉన్నవారందరి కార్డులు ఒక సాయంకాలము తీసి పోల్చి చూచుకొనండి. దరఖాస్తు చేసిన తరువాత పోలీసు విచారణ ఉంటుంది, చిరునామాలో మనిషి ఉండవలెను. పెద్దలకు పాస్‌పోర్టు పదేళ్ళు చెల్లును. అయితే సింగపూరులో దిగేనాటికి దాని గడువు ఇంకా ఆరు నెలలకు తక్కువ కాకుండా ఉండవలెను. పాత పాస్‌పోర్టు ఉన్నవారు ఈ సంగతి ముందుగా చూచుకొనవలెను.

నాంపల్లి, ఆబిడ్స్ వీధులలో

మన భారతీయులకు సింగపూరు వెళ్ళుటకు వీసా కావలెను. అది పాస్‌పోర్టులో అంటించేది కాదు, కాగితము మీద ముద్రించుకొనే ఎలక్ట్రానిక్ వీసా. ఆ ప్రభుత్వము గుర్తించిన అధీకృత ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయవలెను. ప్రయాణమునకు నెల రోజుల లోపున వేయుట పద్ధతి. ప్రభుత్వ రుసుము 30 సింగపూరు డాలర్లు, ఏజెంటు ఛార్జీ దానికి అదనము. వీసా రాకపోయినా రుసుము తిరిగి రాదు.

ఒక సోమవారము నలుగురము నాంపల్లిలో దిగి, ట్రావెల్ ఆఫీసులు వెదకుచు బయలుదేరాము. మొదట ఎక్కిన మెట్లు నాంపల్లిలోని ఒక సందులోవి. అక్కడ కూర్చున్న వ్యక్తి టీ తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "వీసా గ్యారంటీ, అయ్యగారూ. నలుగురికి కలిపి ఇవాళే లక్ష కట్టండి. అసలు పాస్‌పోర్టులు ఇక్కడ ఇచ్చి వెళ్ళండి" అన్నాడు. దాచక చెప్పవలెనంటే, మేము డబ్బు సంచి విప్పబోయాము. అంత మర్యాద చేసిన మనిషిని కాగితము అడుగుటకు మొగమాటపడ్డాము.

పెద్దాయన మాత్రము, "రసీదు ఇయ్యుండ్రి" అన్నాడు. "రసీదు తర్వాత ఇస్తాము" అని జవాబు. ఆయన లేచి నిలబడి, "ఇత్తనాల దుకాణంల గూడ రసీదు లేంది నేను సంచి ముట్టను" అని బయటకు నడిచాడు. మేమును ఆయన వెంట దిగాము. నకిలీ విత్తనాలతో ఒక పంట పోగొట్టుకొన్న రైతుకు తెలిసిన సంగతి, డిప్లొమా చదివిన మాకు ఆ గదిలో గుర్తురాలేదు. ఏ ఆఫీసూ వీసా గ్యారంటీ ఇవ్వలేదు. ఇచ్చేది, నిరాకరించేది ఆ దేశపు ప్రభుత్వమే.

అదే గదిలో మరొక మూల ఒక యువకుడు కూర్చున్నాడు. "టూరిస్టు వీసా మీద వెళ్ళు, అక్కడ పని దొరుకుతుంది" అని అతనికి చెప్పుచుండగా మా చెవిని పడినది. తల్లిదండ్రులారా, ఈ మాట ఎన్నడూ నమ్మవద్దు. సందర్శన వీసా మీద సింగపూరులో పని చేయుట నేరము. పని నిమిత్తము వెళ్ళేవారికి ముందుగానే వర్క్ పాస్ మంజూరు కావలెను.

తరువాత ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వైపు మరొక ఆఫీసు దొరికినది. వారు తమ అధీకృత పత్రము చూపించారు. ప్రభుత్వ రుసుము ఎంత, తమ ఛార్జీ ఎంత అని విడివిడిగా వ్రాసి ఇచ్చారు. టిక్కెట్లు మాత్రమే అప్పుడు తీసికొన్నాము. వీసా కాగితములు ఈ నెలలో వేస్తాము.

పని ముగిసిన తరువాత మొజంజాహీ మార్కెట్టు దాకా నడిచాము. 1935లో కట్టిన ఆ రాతి కట్టడము ముందు నిలబడి మా ఇంటివారు ఒక సంగతి అడిగారు: ఆబిడ్స్‌కు ఆ పేరు ఎట్లా వచ్చినది అని. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మేనియా జాతివాని దుకాణము అక్కడ ఉండేది. ఆ పేరే వీధికి నిలిచినది. ఎక్కడి ఆర్మేనియా, ఎక్కడి హైదరాబాదు! సింగపూరులో నిలిచియున్న క్రైస్తవ దేవాలయములలో అన్నిటికంటె పాతదియును ఆర్మేనియావారు 1835లో కట్టుకొన్నదే. పొట్టకూటికి ఊరు విడిచినవారు మన పిల్లలే మొదటివారు కారు.

సంచిలో ఏమి పెట్టరాదు?

ఆ తల్లి తన కొడుకు కోసము తీసికొనిపోదలచిన వాటి పట్టిక చెప్పినది: సకినాలు, గరిజెలు, మాంసము పచ్చడి, ఇంట్లో దంచిన మసాలా. మేము ఒక్కొక్కటి విచారించి తెలుసుకొన్నాము.

గసగసాలు సింగపూరులో నిషిద్ధ వస్తువు. నల్లమందు చెట్టు గింజలు గనుక అక్కడి మత్తుపదార్థాల చట్టము క్రిందికి వస్తాయి. విడిగా తీసికొనిపోరాదు, మసాలాలో కలిపియు తీసికొనిపోరాదు. "గరిజెలల్ల గూడనా?" అని ఆమె అడిగినది. గరిజెలలో కూడా వేయవద్దన్నాము. ఎండుకొబ్బరి, పుట్నాలు, చక్కెరతో చేస్తానన్నది.

మాంసము, మాంసముతో చేసిన పచ్చళ్ళు వద్దు. ఆ ప్రభుత్వము అనుమతించిన దేశాలనుండి వచ్చిన మాంసమునే రానిస్తారు. నమిలే పొగాకు, గుట్కా నిషేధము. సిగరెట్లు ఒక్క పెట్టె అయినా సుంకము కట్టవలసినదే. చూయింగ్ గమ్ము 1992 నుండి ఆ దేశములోనికి తేనివ్వరు. బి.పి., షుగరు మాత్రలు వాడేవారు డాక్టరు చీటీతో కూడ, అసలు అట్టపెట్టెలలోనే తీసికొనిపోవలెను. నిద్రమాత్రలు, గట్టి నొప్పి మాత్రలు కొన్నిటికి ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి కావలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది: ఇతరుల మూట ఏదియు ముట్టవద్దు. మా ప్రయాణపు సంగతి తెలిసి, "మా వాడికి ఈ పొట్లము ఇవ్వండి" అని ఇప్పటికే ముగ్గురు వచ్చారు. ముగ్గురును మంచివారే. అయినను కాదన్నాము. మత్తుపదార్థము నిర్ణీత పరిమాణము మించి దొరికితే అక్కడ మరణశిక్ష పడవచ్చును. "నాకు తెలియదు" అన్న మాట నిరూపించుకొనవలసిన భారము సంచి మోసినవాని మీదనే ఉంటుంది.

ఏమి చూతుము?

జనవరి ఆఖరునుండి ఫిబ్రవరి మధ్యలో చైనావారి నూతన సంవత్సరము వస్తుంది. ఆ దినములలో చాలా అంగళ్ళు మూసియుండును, టిక్కెట్ల ధర పెరుగును. నవంబరు నుండి జనవరి వరకు వానలు ఎక్కువ. అందుచేత మార్చి మొదటి వారము ఎంచుకొన్నాము. మట్టల ఆదివారమునకు ముందే తిరిగి వస్తాము. మేము లేని ఆదివారము ఆరాధన జరిపించుటకు సంఘపెద్దలు ఒప్పుకొన్నారు.

శుక్రవారము రాత్రి శంషాబాదులో విమానము. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణము. అక్కడి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందుంటుంది. విమానమెక్కే ముందు మూడు దినముల లోపుగా ఎస్.జి. అరైవల్ కార్డు అనే రాక వివరములు ఫోనులో నింపవలెను. అది ఉచితము. దానికి డబ్బు అడిగేవారిని నమ్మవద్దు.

శనివారము: గది లిటిల్ ఇండియా ప్రాంతములో తీసికొన్నాము. అక్కడ టెక్కా సెంటరులో ఇడ్లీ, దోసె, అన్నము దొరుకును. సింగపూరులో అధికార భాషలు నాలుగు: మలయు, చైనీయుల మాండరిన్, తమిళము, ఇంగ్లీషు. మన మొగములు చూచి అక్కడివారు తమిళములో పలకరించవచ్చును. ఆ సాయంకాలము ఇండియన్ హెరిటేజ్ సెంటరు చూస్తాము. మనవారు ఎప్పుడెప్పుడు, ఏ పనుల మీద ఆ తీరమునకు చేరిరో అక్కడ తెలుసుకొనవచ్చును. తెలుగువారు తమ సమాజము ఒకటి 1975లోనే అక్కడ స్థాపించుకొన్నారు.

ఆదివారము: కొడుకుకు సెలవు. ఉదయము సెయింట్ ఆండ్రూస్ కతీడ్రల్‌కు వెళ్తాము. 1862లో ప్రతిష్ఠింపబడిన ఈ తెల్లని దేవాలయము కట్టినది భారతదేశమునుండి కొనిపోబడిన ఖైదీలు. సింగపూరు అప్పుడు కలకత్తా ప్రభుత్వము క్రింద ఉండేది. బెంగాలు, బొంబాయి, మద్రాసు రాజధానులనుండి శిక్షపడినవారిని ఓడలలో అక్కడికి పంపి, రోడ్లు, కట్టడములు కట్టించేవారు. మన కోస్తా జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. గోడలకు పూసిన గచ్చు సున్నము, కోడిగ్రుడ్డు తెల్లసొన, చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానిన నీళ్ళతో చేసినది. దానికి పేరే మద్రాసు చూనము. ఇది వినగానే పెద్దాయన, "మన డంగు సున్నమే గదా! మా తాత ఇల్లు గట్లనే కట్టిండ్రు" అన్నాడు. ఆ గోడను చేతితో తాకి చూడవలెనని ఆయన కోరిక. సాయంకాలము కుమారుడును తోటి తెలుగు పనివారును కూడుకొని ప్రార్థన చేసికొనే చోటికి తీసికొనిపోతానన్నాడు. ఆ తల్లి ఎదురుచూచేది ఆ గంట కోసమే.

సోమవారము: ఉదయము బొటానిక్ గార్డెన్స్. 1859లో నాటిన ఈ తోటకు 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వపు గుర్తింపు వచ్చినది. ప్రవేశము ఉచితము. మధ్యాహ్నము మెరీనా బరాజ్. మా ప్రయాణములో పెద్దాయన స్వయముగా కోరుకొన్నది ఇదే. సింగపూరుకు పెద్ద నది లేదు. త్రాగునీరు పక్కనున్న మలేషియానుండి కొంత కొనుక్కొంటారు. 1962లో చేసికొన్న ఆ ఒడంబడిక 2061 వరకే. అందుచేత దీవి మీద మూడింట రెండు వంతుల నేల మీద పడిన వాన నీటిని కాలువలగుండా 17 జలాశయములకు మళ్ళిస్తారు. వాడిన నీటిని శుద్ధి చేసి మరల వాడుతారు, సముద్రపు నీటిలో ఉప్పు తీసివేస్తారు. 2008లో కట్టిన ఈ బరాజ్ సముద్రపు నీటిని బయట ఆపి, ఊరి నడుమనే మంచినీటి చెరువు చేసినది. మూసీ నది మన అనంతగిరి కొండలలోనే పుట్టినది. అయినను మన చేలలో బోర్లు ఎండుచున్నవి. ఈ సంగతి చెప్పిన దినమున పెద్దాయన, "అదొక్కటి నాకు చూపియ్యుండ్రి, మిగతాది మీరే చూడుండ్రి" అన్నాడు. ఆ తరువాత ఆయన బోరు మాట ఎత్తలేదు. తిరిగి వచ్చి చేనులో నీటి గుంట త్రవ్వుదమా అని అడుగుచున్నాడు. చీకటిపడ్డాక గార్డెన్స్ బై ది బేలో దీపముల చెట్లు, నీళ్ళు చిమ్మే మెర్లయన్ విగ్రహము. బయట తిరుగుటకు అక్కడ డబ్బు అక్కరలేదు.

మంగళవారము: ఉదయము 1973లో తెరచిన జంతుశాల. మధ్యాహ్నము చాంగీ చాపెల్ మ్యూజియము. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపాను వశమైనది. చాంగీలో బంధింపబడిన సైనికులు ప్రార్థన కొరకు చిన్న చాపెళ్ళు కట్టుకొన్నారు. స్టాన్లీ వారెన్ అనే ఖైదీ జబ్బుపడియుండి కూడ, ఆసుపత్రి చాపెల్ గోడల మీద సువార్తలలోని దృశ్యములు చిత్రించాడు. అక్కడినుండి విమానాశ్రయము దగ్గరే. సాయంకాలము తిరుగు ప్రయాణము.

మరి కొన్ని సంగతులు. అక్కడ కుళాయి నీరు నేరుగా త్రాగవచ్చును, సీసాలు కొననక్కరలేదు. మెట్రో రైలులో తినుట, త్రాగుట తప్పు, జరిమానా 500 డాలర్ల వరకు ఉంటుంది. ఉమ్మివేయుట, చెత్త పారవేయుట కూడ తప్పే. వస్తువు ధర చూచినప్పుడెల్ల రూపాయలలోనికి మార్చి చూచుకొనండి.

మేము బయలుదేరే దినమున మరల నాంపల్లిలోనే దిగి, అక్కడినుండి విమానాశ్రయమునకు వెళ్తాము. ఆ తల్లి తన ప్రశ్నకు జవాబు తానే చెప్పుకొన్నది: "మా ఊరికెల్లి నాంపల్లికి రైలుల ఎంతసేపో, నాంపల్లికెల్లి నా కొడుకు దగ్గరికి అంతకు రెండింతలు. గింతేనా అయ్యగారూ! తొమ్మిదేండ్లసంది ఎంతో దూరమనుకున్న."

ప్రియులారా, ఈ నలుగురి ప్రయాణమును మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసికొనండి. తిరిగి వచ్చిన తరువాత ఆ గోడ ఎట్లున్నదో, ఆ నీళ్ళు ఎట్లున్నవో, తల్లీకొడుకులు ఎట్లా కలిసికొన్నారో వ్రాస్తాము.